నర్గిస్: పేరు వెనుక ఉన్న మొక్క

నర్గిస్ అనే పేరు మన ఇళ్లకు కొత్తది కాదు. బంధువుల్లోనో ఇరుగుపొరుగులోనో ఆ పేరుగల ఆడపిల్లను మనలో చాలామందిమి ఎరుగుదుము. దావత్‌లో నర్గిసీ కోఫ్తా వడ్డిస్తే ఇష్టంగా తింటాము. ఖీమా పొరలోని ఉడికిన గుడ్డును కోసినప్పుడు కనిపించే తెలుపు, దాని నడుమ పసుపు ఆ పువ్వును తలపిస్తాయి గనుకనే ఆ వంటకానికి ఆ పేరు వచ్చింది. ఫార్సీ, ఉర్దూ కవులైతే నర్గిస్‌ను కన్నుతో పోల్చారు. ఎదురుచూసే కన్నుగా, ఒక్కొక్కసారి చూపులేని కన్నుగా వర్ణించారు. ఇంతగా పరిచయమున్న ఈ పువ్వు అసలు మొక్కను మాత్రం మనలో ఎక్కువమందిమి చూడనే లేదు. తెలుగు నేలపై అది దానంతట అది మొలిచే మొక్క కాదు మరి.

నర్గిస్ శాస్త్రీయ నామం నార్సిసస్ టాజెట్టా. స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ 1753లో దీనికి ఆ పేరు పెట్టాడు. టాజెట్టా అంటే ఇటాలియన్ భాషలో చిన్న గిన్నె. పువ్వును చూస్తే ఆ పేరు ఎందుకో తెలుస్తుంది. ఆరు తెల్లని రేకుల నడుమ పసుపు గిన్నె ఒకటి నిలిచి ఉంటుంది. డాఫోడిల్ జాతుల్లో చాలావాటికి కాడకు ఒక్క పువ్వే పూస్తుంది. నర్గిస్‌కు ఒకే కాడ కొనన అనేక పువ్వులు గుత్తిగా పూస్తాయి. వాటి సువాసనకు కారణమైన పదార్థాలలో ఇండోల్ ఒకటి. మన మల్లె పరిమళంలోనూ అదే పదార్థం ఉంది. అందువల్ల నర్గిస్‌ను ఎన్నడూ చూడనివారికి కూడా దాని వాసన పూర్తిగా అపరిచితం కాదనవచ్చు.

దీని స్వస్థలం మధ్యధరా సముద్ర తీర దేశాలు మొదలుకొని ఇరాన్ వరకు వ్యాపించి ఉంది. మనుషుల చేతుల మీదుగా అది చైనా, జపాన్ దాకా ప్రయాణించింది. చైనాలో కొత్త సంవత్సరానికి గులకరాళ్లు, నీళ్లు నింపిన పళ్లెంలో దీనిని పూయిస్తారు. కశ్మీరులో దీనిని యెంబర్జల్ అంటారు. చలి వెనుదిరిగిందని అక్కడివారికి తెలియజెప్పే తొలి పువ్వులలో ఇది ఒకటి. కశ్మీరీ కవి దీనానాథ్ నాదిమ్ 1953లో రచించిన సంగీత నాటకంలో కథానాయిక ఈ పువ్వే, నాయకుడు తుమ్మెద.

ఈ మొక్క జీవితంలో పువ్వు కొద్దివారాల ముచ్చట మాత్రమే. మిగిలిన కాలమంతా దాని ప్రాణం నేలలోని గడ్డలో ఉంటుంది. శరదృతువు వానలకు గడ్డ వేళ్లు పోసుకుంటుంది, ఆకులు లేస్తాయి. శీతాకాలం చివర, వసంతారంభంలో పువ్వులు విచ్చుకుంటాయి. పువ్వులు వాడిన తరువాత కూడా ఆకులు చాలాకాలం పచ్చగా నిలిచి, ఎండను ఆహారంగా మార్చి గడ్డలోనికి పంపుతాయి. ఆపై అవి పసుపుబారి ఎండిపోతాయి. మండు వేసవిలో ఆ చోట మొక్క ఉన్నదన్న ఆనవాలే ఉండదు. చూసేవారు చచ్చిపోయిందనుకుంటారు. కానీ ఆ వేసవిలోనే, ఆ గడ్డ లోపల, వచ్చే ఏటి పువ్వు రూపుదిద్దుకుంటుంది. అందుకే దీనిని కుండీలో పెంచేవారు పువ్వులు రాలగానే ఆకులు కోయరాదు. తమంత తాము ఎండేదాకా ఆగాలి. పచ్చి ఆకులను కోస్తే మరుసటి ఏడు పువ్వులకు కావలసిన ఆహారం గడ్డకు అందదు.

ఇంత ఆహారం నిలువచేసుకున్న గడ్డను ఎలుకలు, పశువులు తినివేయవా? ఇక్కడే నర్గిస్ మరో స్వభావం బయటపడుతుంది. దాని గడ్డ విషపూరితం. లైకోరిన్ మొదలైన చేదు క్షారాలు అందులో ఉంటాయి. తిన్నవారికి వాంతులు, కడుపునొప్పి, విరేచనాలు కలుగుతాయి. ఉల్లి, వెల్లుల్లి కూడా ఈ కుటుంబానికే చెందినవి గనుక రూపం మోసగిస్తుంది. ఉల్లిగడ్డలనుకొని డాఫోడిల్ గడ్డలను వండుకొని అస్వస్థులైనవారు ఉన్నారు. గుర్తించడానికి వాసన కొంత సహాయపడుతుంది, కోసిన నర్గిస్ గడ్డకు ఉల్లి ఘాటు ఉండదు. అయినా నమ్మదగిన ఉపాయం ఒక్కటే: విదేశాల్లో ఉన్న మన పిల్లలు గానీ, నర్సరీ నుంచి గడ్డలు తెచ్చుకునేవారు గానీ వాటిని వంటగదిలోనికి రానివ్వకూడదు. పసిపిల్లలకు అందనీయకూడదు. ఆకులు, కాడల రసం తగిలితే కొందరికి చర్మంపై దురద, దద్దుర్లు వస్తాయి. కోసేటప్పుడు చేతి తొడుగులు వేసుకోవడం మేలు.

ఈ కుటుంబపు క్షారాలలోనే గాలంటమైన్ అనేది ఒకటి ఉంది. మతిమరుపు తెచ్చే అల్జీమర్స్ వ్యాధిలో లక్షణాలను కొంతకాలం తగ్గించే ఔషధంగా దానికి అమెరికాలో 2001లో అనుమతి లభించింది. బ్రిటన్‌లోని వేల్స్ కొండలపై ఆ మందు కోసమే డాఫోడిల్ పంటలు వేశారు. ఇది ప్రయోగశాలలో శుద్ధిచేసి, వైద్యుడు మోతాదు నిర్ణయించి ఇచ్చే మందు. గడ్డను ఇంట్లో నూరి వాడితే మిగిలేది విషమే.

కవులు నర్గిస్‌లో కన్నును చూశారు. అది వారి దృష్టి. మొక్కను చూచిన మనకు మరికొంత తెలిసింది. నేల పైన నాజూకుగా కనిపించే ఈ పువ్వుకు కింద గట్టి నిలువ ఉంది, తన్ను తాను కాపాడుకునే శక్తి ఉంది, ఎవరూ చూడని వేళ పని చేసుకుపోయే ఓర్పు ఉంది. మన ఇంటి నర్గిస్ ఎన్నడైనా "నా పేరుకు అర్థమేమిటి అమ్మీ?" అని అడిగితే, అందమైన పువ్వు అని చెప్పి ఊరుకోవద్దు. ఆ గడ్డ సంగతి కూడా చెబుదాం.