గుర్రాన్ని కిరాయికిస్తున్నారా? చీటీ రాశాకే కళ్ళెం చేతికివ్వండి

లగ్గాలు మొదలైతే హైదరాబాద్ పాతబస్తీలో గుర్రాలకు గిరాకీ పెరుగుతుంది. శాలిబండ, ఫలక్‌నుమా, చాంద్రాయణగుట్ట గల్లీల్లో రాత్రయితే మర్ఫా దరువు, దాని వెనక గుర్రం మీద పెండ్లికొడుకు. ఒకప్పుడు ఇదే బస్తీలో గుర్రాలు జట్కాలు లాగేవి. ఆటోలు, బస్సులు వచ్చాక వాటికి బరాతే ముఖ్యమైన పని అయింది. నగరం చుట్టుపక్కల పల్లెల్లో ఎవరింట గుర్రం ఉన్నా "ఒక్క రాత్రికి ఇవ్వు", "సీజనంతా మా దగ్గర ఉంచు, మేతా గీతా మేమే చూసుకుంటాం" అని కబురు వస్తుంది.

"గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదు" అన్నారు పెద్దలు. పని లేని రోజుల్లోనూ మేపక తప్పదు కాబట్టి నాలుగు రూపాయలు వస్తాయంటే కిరాయికి ఇవ్వడంలో తప్పు లేదు. నోటిమాట మీద ఇవ్వడమే తప్పు. గుర్రం కాలు విరిగితే పోయేది చిన్న రైతు పెట్టుబడి. బెదిరి జనం మీద పడితే పోయేది మనిషి ప్రాణం. రెండింటికీ ముందే జాగ్రత్త పడాలి.

చట్టం ఏం చెబుతోంది?

వస్తువునో పశువునో ఒకరికి అప్పగించి మళ్లీ తీసుకోవడం గురించి 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో నియమాలున్నాయి. వాటిని వివరించడానికి ఆ చట్టం గుర్రాన్నే ఉదాహరణగా తీసుకుంది. అందులో మీరు తెలుసుకోవాల్సినవి నాలుగు.

ఒకటి: గుర్రానికి పొగరో, బెదురో ఉందని తెలిసీ చెప్పకుండా ఇస్తే, అది పరుగెత్తి తీసుకున్నవాడు కిందపడితే నష్టం మీరే కట్టాలి. ఊరికే కాక కిరాయికి ఇచ్చినప్పుడు బాధ్యత ఇంకా ఎక్కువ. లోపం ఉన్న సంగతి నాకు తెలియదన్నా చెల్లదు.

రెండు: మామూలు వివేకం ఉన్న మనిషి తన సొంత గుర్రాన్ని చూసుకున్నంత జాగ్రత్తగా తీసుకున్నవాడు చూసుకోవాలి. అలా చూసుకున్నాక కూడా దెబ్బ తగిలితే, వేరే ఒప్పందం లేనప్పుడు అతను బాధ్యుడు కాడు. చీటీ ఎందుకు రాసుకోవాలో ఈ ఒక్క మాటే చెబుతుంది. "ఎట్లా దెబ్బ తగిలినా వైద్యం ఖర్చు తీసుకున్నవాడిదే" అని ముందే రాసుకుంటే ఆ మాటకే బలం.

మూడు: ఏ పనికి తీసుకున్నాడో ఆ పనికే వాడాలి. తాను ఎక్కుతానని తీసుకుని ఇంకొకరిని ఎక్కించినా, చెప్పిన ఊరికి కాక వేరే ఊరికి తోలినా, ఎంత జాగ్రత్తగా తోలానన్నా సరే, జరిగిన నష్టం అతనే కట్టాలి.

నాలుగు: అతని దగ్గర ఉన్నప్పుడు గుర్రం ఈనితే, వేరే ఒప్పందం లేనంతవరకు పిల్ల కూడా మీదే.

ఇచ్చే ముందు చూసుకోవాల్సినవి

మూడేళ్లు నిండని పిల్లను, చూలుతో ఉన్న గుర్రాన్ని బరాత్‌కు పంపవద్దు. గుర్రం పదకొండు నెలలు మోస్తుంది. ఎప్పుడు దాటిందో రాసి పెట్టుకోకపోతే సంగతి తెలియకుండానే పంపేస్తారు.

పటాకులు, బ్యాండు, లైట్లకు అలవాటు లేని గుర్రాన్ని మొదటిసారే జనంలోకి తోలకండి. మలక్‌పేట రేసుల నుంచి తప్పించిన గుర్రాన్ని చవకగా వస్తుందని కొన్నవారు మరీ జాగ్రత్తగా ఉండాలి. పరుగు నేర్చిన గుర్రం పటాకు మోతకు ముందుకే దూకుతుంది. ముందు ఇంటి దగ్గర డప్పు వినిపిస్తూ, కొద్దికొద్దిగా అలవాటు చేయాలి.

బరువు సంగతి కూడా చూడండి. 1965 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం పొట్టి జాతి తట్టు గుర్రం వీపు మీద మోయించే బరువు 70 కిలోలు దాటకూడదు. పెండ్లికొడుకు ముందు చిన్న పిల్లవాణ్ణి కూర్చోబెట్టే అలవాటు ఉంది. జీను, పూలదండలు కూడా కలిస్తే ఆ లెక్క ఎప్పుడో దాటిపోతుంది. కాబట్టి తట్టు గుర్రాన్ని వరుడి సవారీకి ఇవ్వకపోవడమే మేలు. ముళ్లున్న కళ్ళెం, ముల్లుకర్ర వాడటం కూడా ఈ నిబంధనల ప్రకారం నేరమే.

నాడాలు అరిగి ఉంటే మార్పించండి. సిమెంటు రోడ్డు మీద అరిగిన నాడా జారుతుంది. పందిళ్ల దగ్గర రాలిన మేకులు డెక్కలో దిగుతాయి. గుర్రానికి ధనుర్వాతం తొందరగా పట్టుకుంటుంది, పట్టుకుంటే బతకడం కష్టం. టీకా వేయించకుండా ఊరు దాటించకండి.

చీటీలో ఏం రాయాలి?

స్టాంపు కాగితమే కానక్కర్లేదు. తెల్ల కాగితం మీదైనా ఇద్దరి సంతకాలు, ఇద్దరు సాక్షులు ఉంటే చాలు. ఇవి తప్పక రాయండి:

- తీసుకునేవారి పేరు, చిరునామా, గుర్తింపు కార్డు నకలు.
- గుర్రం రంగు, నుదుటి చుక్క, కాళ్ల తెలుపు, సుడులు ఎక్కడెక్కడ ఉన్నాయో. సుడులు ఏ రెండు గుర్రాలకూ అచ్చంగా ఒకేలా ఉండవు. నాలుగు పక్కలా ఫోటోలు తీసి పెట్టుకోండి.
- ఏ పనికి, ఏ దారిలో, ఎన్ని గంటలకు మొదలు, ఎన్ని గంటలకు ముగింపు.
- ఎవరు ఎక్కాలి, ఎవరు పట్టుకోవాలి. ఇంకొకరికి మళ్లీ కిరాయికి ఇవ్వకూడదనే మాట.
- మేత, దాణా, వైద్యం ఖర్చు ఎవరిది.
- గుర్రానికి ఉన్న చెడు అలవాట్లు. దాచకుండా రాయండి. అది మీకే రక్ష.
- మీరు ఎప్పుడైనా వచ్చి చూడవచ్చు, బాగా చూసుకోకపోతే వెనక్కి తీసుకోవచ్చు అనే షరతు.

బరాత్ రాత్రి

వీలైతే మీ మనిషినే వెంట పంపండి. అప్పుడు పగ్గం మీ చేతిలోనే ఉంటుంది. అతను అజాగ్రత్తగా ఉంటే జవాబుదారీ మాత్రం మీదేనని మరిచిపోకండి. తాగి ఉన్నవాడి చేతికి పగ్గం ఇవ్వకూడదు. గుర్రాన్ని వెనక కాళ్ల మీద లేపి ఆడించమంటే ఒప్పుకోవద్దు. పటాకులు కాల్చేచోట గుర్రాన్ని దూరంగా నిలపాలి.

కరెంటు తీగల మీద కన్ను ఉండాలి. 2025 ఆగస్టులో రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి తీగ తగిలి ఐదుగురు చనిపోయారు. బరాత్‌లో పైన తీగలే కాదు, లైట్ల కోసం జనరేటరు నుంచి కింద పరిచిన తీగలు కూడా ఉంటాయి. ఇనుప నాడాలు వేసిన కాళ్లతో గుర్రం వాటిని తొక్కకుండా చూడాలి.

పని గంటలకూ లెక్క ఉంది. బరువులు మోసే, బండి లాగే పశువులతో రోజుకు తొమ్మిది గంటలకు మించి, విరామం లేకుండా ఐదు గంటలకు మించి పని చేయించరాదు. ఎండ 37 డిగ్రీలు దాటే చోట పగలు పన్నెండు నుంచి మూడు దాకా అసలే పని చెప్పకూడదు. బరాత్‌కు వెళ్లే గుర్రానికీ ఇదే లెక్క పాటించండి.

పెండ్లివాళ్లు ముద్దుగా మిఠాయి, బిర్యానీ పెడతారు. పెట్టనివ్వకండి. గుర్రం వాంతి చేసుకోలేదు, తిన్నది పడకపోతే కడుపునొప్పితో పొర్లాడుతుంది. ముందు కాలితో నేల గీరినా, డొక్క వైపు తిరిగి తిరిగి చూసినా వెంటనే డాక్టరును పిలవాలి. నోట్లో బలవంతంగా మందులు పోయకూడదు.

సీజనంతా అప్పగిస్తే

ఇక్కడ భయం రోగాలది. నాలుగు చోట్ల గుర్రాలు ఒకే తొట్టి నీళ్లు తాగే కొట్టంలో గ్లాండర్స్ తొందరగా పాకుతుంది. 2006 నుంచి మన దేశంలో పలు రాష్ట్రాల్లో ఇది మళ్లీ మళ్లీ బయటపడుతోంది. జ్వరం, ముక్కు నుంచి జిగటగా పసుపుపచ్చ చీమిడి, కాళ్ల మీద, ఒంటి మీద వరసగా గడ్డలు లేచి పుండ్లు పడటం దీని లక్షణాలు. టీకా లేదు. మనుషులకూ అంటుకుంటుంది. రోగం ఖాయమైతే చట్టం ప్రకారం ఆ గుర్రాన్ని చంపేయాల్సిందే. అందుకే ఇచ్చే ముందు, తిరిగి వచ్చాక పశువైద్యునితో రక్తం తీయించి పరీక్షకు పంపమని అడగండి. హిసార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రంలో ఈ పరీక్ష చేస్తారు. గుర్రంతో పాటు దాని బకెట్టు, దాణా సంచి, గోకుడు బ్రష్షు కూడా పంపండి. వేరే గుర్రానివి వాడవద్దని చెప్పండి.

పదిహేను రోజులకు ఒకసారి చెప్పకుండా వెళ్లి చూడండి. "ఎద్దు పుండు కాకికి ముద్దా?" అన్నట్టు, జీను కింద పుండు పడిన సంగతి కిరాయిదారు తానై చెప్పడు. వీపు, నోటి మూలలు, డెక్కలు మీరే చేయి పెట్టి చూడాలి.

బీమా ఉంటే ఇంకా మంచిది. జాతీయ పశుగణ మిషన్ పథకంలో గుర్రాలు, తట్టు గుర్రాలూ ఉన్నాయి. 2024 మార్పు తర్వాత ప్రీమియంలో రైతు వాటా 15 శాతం. మీ మండల పశువైద్యాధికారిని అడగండి. కిరాయికి ఇచ్చినప్పుడు జరిగే నష్టానికి పాలసీ వర్తిస్తుందో లేదో చదివించుకుని సంతకం పెట్టండి.

తిరిగి వచ్చాక

గుర్రం దిగగానే, తెచ్చినవాడు అక్కడుండగానే నడిపించి చూడండి. కుంటితే, పుండు ఉంటే చీటీ వెనక రాయించి సంతకం తీసుకోండి. తర్వాత చెబితే "మీ ఇంట్లోనే అయింది" అంటారు. సీజనంతా బయట ఉన్న గుర్రాన్ని కొన్నాళ్లు మిగతా పశువులకు దూరంగా కట్టండి. అనుమానం ఉంటే సర్కారు పశువుల దవాఖానకో, రాజేంద్రనగర్ పశువైద్య కళాశాలకో తీసుకెళ్లండి.

గుర్రం లేని రైతులకూ ఈ మాటలు పనికొస్తాయి. దుక్కికి ఎద్దుల జతను ఇచ్చినా, చూడి ఆవును పాలికి ఇచ్చినా చట్టం ఒక్కటే. తీసుకునేది బావమరిది అయినా సరే, చీటీ అడిగితే చిన్నబుచ్చుకోడు. చీటీ లేక రేపు తగాదా వస్తే మాత్రం పశువుతో పాటు చుట్టరికమూ పోతుంది.