స్థానికుడెవడు? – హోసూరు, కృష్ణగిరి సీమ ప్రశ్న

2024 జూన్ మాసమున కొత్త లోక్‌సభ కొలువుదీరినప్పుడు, కృష్ణగిరి నియోజకవర్గమునుండి ఎన్నికయిన శ్రీ కె. గోపీనాథ్ గారు తెలుగున ప్రమాణస్వీకారము చేసిరి. తమిళనాటి సభ్యుడొకడు తెలుగున ప్రమాణము చేయుట చెన్నపట్టణమునందలి తెలుగువారలకు ముచ్చట గొలిపినది. అది సహజమే. కాని ప్రమాణము నిమిషములో ముగియును. జీవనోపాధి నిమిషములో ముగియునది కాదు. ఆ నియోజకవర్గమునందే పుట్టి, అందే పెరిగి, అందలి ప్రభుత్వ పాఠశాలలో తెలుగున చదివిన బాలుడు సర్కారు కొలువునకు దరఖాస్తు పెట్టుకొన్న దినమున, వానిని స్థానికునిగా లెక్కింతురా, లెక్కింపరా అనునదియే అసలు ప్రశ్న. ఈ ప్రశ్నను రాజధానియందలి న్యాయవాదులు, ఉద్యోగులు, ఉపాధ్యాయులు ఒకింత నిదానముగ ఆలోచింపవలసియున్నది.

ముందు ఆ సీమ చరిత్రమును జ్ఞప్తికి దెచ్చుకొందము. కృష్ణగిరి ప్రాంతము బారామహలులో నొక భాగము. 1792లో శ్రీరంగపట్టణపు సంధివలన అది టిప్పు సుల్తాను చేతినుండి కుంఫిణీవారికి దక్కెను. హోసూరు సీమ 1799లో టిప్పు పతనానంతరము వారి వశమయ్యెను. రెండును సేలము జిల్లాలో చేరెను. 1965లో ధర్మపురి జిల్లాకును, 2004లో కొత్తగా నేర్పడిన కృష్ణగిరి జిల్లాకును మారెను. జిల్లా పేరు మాఱినది గాని జనులు మాఱలేదు. బాగలూరు, బేరికె, శూలగిరి, కెలమంగలము, తళ్ళి, వేపనపల్లి ప్రాంతములలో తెలుగు, కన్నడము, తమిళము ఒకే సంతలో, ఒకే చెఱువుగట్టుమీద, పెక్కు ఇండ్లలో ఒకే నాలుకమీద వినవచ్చుచునే యున్నవి. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్రము వేఱుపడునాటికి మద్రాసు ముఖ్యమంత్రిగా నుండిన రాజాజీ జన్మించిన తొరపల్లి గ్రామము హోసూరు చెంతనే యున్నది. 1956లో భాషనుబట్టి ఎల్లలు గీసినప్పుడును, 1960లో తిరుత్తణి ప్రాంతము మద్రాసునకును, దానికి మాఱుగా కొన్ని గ్రామములు ఆంధ్రప్రదేశమునకును చేరినప్పుడును హోసూరు ఉన్నచోటనే నిలిచినది. అనగా అచ్చటి తెలుగువారు ఈ రాష్ట్రమునకు వలస వచ్చినవారు గారు; రాష్ట్రములే వారి చుట్టును ఏర్పడినవి.

ఇక శాసనముల సంగతి. మన రాజ్యాంగము 16వ అధికరణమున, ప్రభుత్వోద్యోగ విషయమున మతము, జాతి, కులము, లింగము, వంశము, జన్మస్థలము, నివాసము అను వానినిబట్టి వివక్ష చూపరాదని శాసించినది. నివాసమును నిబంధనగా పెట్టవలెనన్నచో పార్లమెంటుకు మాత్రమే అధికారము, రాష్ట్రశాసనసభకు లేదు. కాని ఆ పట్టికలో భాష యను మాట లేదు. కాబట్టి “ఈ నేల బిడ్డలకు ముందు” అని నేరుగా చెప్పజాలని రాష్ట్రము “ఈ భాషలో చదివినవారికి ముందు” అని చెప్పుటకు వీలు కలిగినది.

తమిళనాడు ఆ మార్గమునే అనుసరించినది. 2010లో చేసిన చట్టముచే, నేరుగా భర్తీచేయు ప్రభుత్వోద్యోగములలో నూటికి ఇరువది తమిళ మాధ్యమమున చదివినవారికి ప్రత్యేకింపబడినవి. 2020 సవరణచే, కేవలము పట్టపరీక్షయే గాక ఒకటవ తరగతినుండియు తమిళమాధ్యమముననే చదివియుండవలెనని నిబంధన బిగిసినది. 2021 డిసెంబరులో వెలువడిన ఉత్తర్వుచే ఉద్యోగపరీక్షలలో తమిళపత్రము తప్పనిసరి యయ్యెను. పదవతరగతి స్థాయిలో నుండు ఆ పత్రమున నూటికి నలువది మార్కులు రానివాని తక్కిన సమాధానపత్రములు దిద్దబడవు. 2023 జనవరిలో శాసనసభ దీనిని చట్టసవరణగా ఆమోదించినది. అంతకు పూర్వము తమిళము రానివాడును పరీక్ష వ్రాయవచ్చును. ఎంపికయిన పిదప రెండేండ్లలో భాషాపరీక్షయందు తేరినచో చాలియుండెను.

ఇప్పుడు ఇద్దఱు బాలురను ఊహింపుడు. ఇద్దఱును శూలగిరి దగ్గఱ ఒక పల్లెవారే. ఒకే బావి నీరు త్రాగినవారే. ఇద్దఱి తండ్రులును టమాటాలు పండించి ఒకే బండిపై సంతకు పంపువారే. ఒకడు తమిళబడికి పోయెను. రెండవవాడు, ఇంటిభాష తెలుగు గావున, ప్రభుత్వమే నెలకొల్పిన తెలుగుబడికి పోయెను. ఇరువది యేండ్లు గడచిన పిమ్మట మొదటివానికి నూటికి ఇరువది కొలువుల వాటా యున్నది, రెండవవానికి లేదు. ఆంగ్లమాధ్యమమున చదివిన తమిళబాలునకును ఆ వాటా లేదుగదా యని కొందఱనవచ్చును. నిజమే. కాని వాని తలిదండ్రులు తమ భాషాబడి ప్రక్కనుండగా దానిని విడిచి ఆంగ్లమును కోరుకొనిరి. తెలుగు బాలుని తలిదండ్రులు కోరినది తమ మాతృభాషనే. మాతృభాషలో చదివినవాడు పేదవాడై యుండును, ఆంగ్లము చదివినవానితో పోటీపడలేడు, వానికి చేయూత నీయవలెననుటయేకదా 2010 చట్టపు ధర్మము! ఆ ధర్మము రెండవ బాలునకు ఏల వర్తింపదు?

ఇంతకంటె చిక్కైన విషయ మొకటి కలదు. 2006 చట్టముచే తమిళము ఒకటవ తరగతినుండి క్రమక్రమముగా పాఠశాలలన్నిటను నిర్బంధ పాఠ్యాంశమైనది. 2016లో పదవతరగతి పరీక్ష సమీపించినప్పుడు అల్పసంఖ్యాక భాషల విద్యార్థులు న్యాయస్థానము నాశ్రయించి మినహాయింపు పొందిరి. ఆ మీదటి సంవత్సరములలోను అట్టి మినహాయింపులు లభించినవి. అది ఆనాటికి మేలుగనే తోచినది. కాని పదవతరగతిలో తమిళపరీక్ష తప్పినదని సంతోషించిన బాలుడే, ఉద్యోగపు గుమ్మమున అదే స్థాయి తమిళపత్రమును ఎదుర్కొనవలసివచ్చెను. బడిలో తెఱచిన తలుపు కచేరీవద్ద మూతపడినది. మినహాయింపును గెలిచిన వారు ఈ రెండవ తలుపును గూర్చి ఆలోచించినట్లు కానరాదు.

తమిళుల వాదములో న్యాయము లేదనుట పొరపాటు. తహసీలుదారు కచేరీకి వచ్చిన రైతు మాట అధికారికి తెలియవలెను. తమిళనాట ఆ రైతు ఎక్కువగా తమిళుడే. ప్రభుత్వభాషను నేర్వక ప్రభుత్వపు జీతము కోరుట ధర్మము గాదు. కాబట్టి తమిళము మాకు వలదను వాదమును మనము ఎత్తికొనరాదు. అడుగవలసినది వేఱొకటి: తమిళము నేర్చుటకు తగిన అవకాశమును, తెలుగు చదివినందులకు శిక్ష లేకుండుటయును. అంతేకాదు, హోసూరు, దేన్కనికోట కచేరీలకు వచ్చు రైతులలో తెలుగు, కన్నడము మాత్రమే తెలిసిన వృద్ధులును గలరు. రైతు మాట అధికారికి తెలియవలెనను న్యాయము అచ్చట మూడుభాషలు వచ్చిన స్థానిక యువకునివైపే మ్రొగ్గును.

స్థానికుల హక్కును గూర్చి తెలుగుదేశముకంటె ఎక్కువ పోరాడిన దేశము లేదనవచ్చును. నిజాము రాజ్యమున 1919 ఫర్మానా ముల్కీకి పదునైదేండ్ల నివాసము నియమముగ పెట్టెను. 1952లో హైదరాబాదున గైర్‌ముల్కీలకు ప్రతికూలముగ ఆందోళనము చెలరేగెను. 1957లో పార్లమెంటు చేసిన నివాసనిబంధనల చట్టము తెలంగాణమునకు చెల్లదని 1969లో సుప్రీముకోర్టు తీర్పు చెప్పెను. ముల్కీ నియమములు చెల్లునని 1972లో అదే కోర్టు మఱియొక తీర్పు నిచ్చెను. మొదట తెలంగాణమును, పిదప ఆంధ్రప్రాంతమును అట్టుడికినట్లుడికినవి. 1973లో ఆఱుసూత్రముల పథకమును, రాజ్యాంగమున 371-డి అధికరణమును, 1975లో రాష్ట్రపతి ఉత్తర్వును వచ్చినవి. ఆ ఉత్తర్వు స్థానికుని ప్రధానముగ వాడు ఏ ప్రాంతమున నాలుగేండ్లు చదివెను అనుదానినిబట్టి నిర్ణయించినది.

ఆ చరిత్రమంతటిలో గమనింపదగిన సంగతి యొకటి యున్నది. ముల్కీ నియమము నీ వెచ్చట నుంటివని యడిగినది గాని నీ భాష యేదని యడుగలేదు. హైదరాబాదున తరతరములుగా నున్న మరాఠీ, కన్నడ, ఉర్దూ కుటుంబముల బిడ్డ ముల్కీయే. నిన్న రైలు దిగిన తెలుగువాడు గైర్‌ముల్కీయే. ఆ నియమములో లోపము లెన్నియో యుండవచ్చును. దొంగపత్రముల గొడవ అందఱెఱిగినదే. అయినను స్థానికుని కొలుచుటకు అది నేలను కొలబద్దగా గైకొన్నది. హోసూరున కొలబద్ద నాలుకయైనది. నేలను కొలబద్దగా గొన్నచో ఇద్దఱు బాలురును ఒక్కటే. నాలుకను గొన్నచో ఒకడు స్వదేశి, వేఱొకడు పరదేశి.

మనవారు “మేమే ఆదినుండియు నున్నవారము” అని చెప్పుకొనునప్పుడు ఒక మాట మఱువరాదు. అంచెట్టి, దేన్కనికోట అడవులలో ఇరుళరులు గలరు. ప్రభుత్వము ఆదిమజాతులలోనెల్ల మిక్కిలి దుర్బలులుగా గుర్తించిన తెగలలో వారొకరు. తమిళనాట షెడ్యూల్డు తెగలకు ఉద్యోగములలో నూటికి ఒక్కటియే ప్రత్యేకింపబడినది. 234 శాసనసభా స్థానములలో వారికి గలవి రెండే – ఏర్కాడు, సేందమంగలము. కృష్ణగిరి జిల్లాయందలి ఆఱు నియోజకవర్గములలో ఒక్కటియు లేదు. ఆ నేలకు నిజమైన ఆదివాసులు వారు. వారి వాటాపై మనకు కన్ను పోరాదు. వారి కోరికకు మన గొంతు తోడుకావలెను. తనకంటె చిన్నవాని న్యాయమును మఱచువాడు తన న్యాయమును అడుగుటకు అర్హుడు గాడు.

ఇక కర్తవ్య మేమి? 1956లో భారతప్రభుత్వము భాషాల్పసంఖ్యాకుల రక్షణకై ఒక జ్ఞాపికను పార్లమెంటు ముందుంచెను. రాష్ట్రభాషా జ్ఞానము ఉద్యోగప్రవేశమునకు ముందు షరతు కారాదనియు, ఎంపిక పిమ్మట పరీక్షాకాలము ముగియులోపల భాషాపరీక్ష పెట్టవలెననియు 1961లో ముఖ్యమంత్రుల సమావేశము అంగీకరించినది. ఇది కొత్త కోరిక గాదు; రాష్ట్రములన్నియు తలయూపిన మాట. కనుక మనము కోరదగినవి రెండు. మొదటిది, రాష్ట్రము గుర్తించిన అల్పసంఖ్యాక భాషా మాధ్యమమున ఈ రాష్ట్రముననే మొదటినుండి చదివినవారికి 2010 చట్టపు ఇరువది పాళ్ళలో స్థానము కల్పించుట. రెండవది, వారికి తమిళపరీక్షను ఎంపికకు తరువాత, గడువుతో పెట్టుట. ఈ రెంటికిని పార్లమెంటు అవసరము లేదు. రాష్ట్రశాసనసభ తలచినచో చాలును.

ఇందులకు బదులుగా మనవారు చేయవలసినవియు గలవు. మన బిడ్డలు తెలుగును విడువక తమిళమును చక్కగా నేర్వవలెను. మినహాయింపులకై పరుగెత్తుటకంటె మంచి తమిళ గురువులకై అడుగుట మేలు. ఇచ్చట మన మడుగు న్యాయమునే చిత్తూరు, నగరి ప్రాంతముల తమిళులకు ఆంధ్రప్రదేశమున ఈయవలెనని మనమే చెప్పవలెను. అచ్చట ఈయని దానిని ఇచ్చట అడుగుటకు నోరెట్లాడును?

2011 జనాభాలెక్కల ప్రకారము తమిళనాట తెలుగు మాతృభాషగా గలవారు సుమారు 42 లక్షలు. వీరిలో రాజధానిలో స్థిరపడి ఉద్యోగములు, వ్యాపారములు చేసికొనువారికి ఈ బాధ సోకదు. వారి బిడ్డలు ఆంగ్లమున చదివి దేశాంతరములకు పోవుచున్నారు. ఉగాదినాడు సభచేసి పంచాంగము విని మాతృభాషాభిమానము చాటుకొనుట వారికి సులభము. కాని తెలుగుబడి నిలుచుట చెన్నపట్టణపు సభలవలన గాదు; శూలగిరి పల్లెలో ఒక తండ్రి తన బిడ్డను ఏ బడిలో చేర్చునో దానివలన. తెలుగు చదివినచో కొలువు దూరమగునని యెఱిగిన తండ్రి తెలుగుబడి గడప త్రొక్కడు. అతడట్లు మఱలిపోయిన పిదప ఎన్ని సభలు చేసినను ప్రయోజనము లేదు. చట్టము తెలిసినవారు, వినతిపత్రము వ్రాయగలవారు, శాసనసభ్యుని గడప త్రొక్కగలవారు రాజధానిలోనే యున్నారు. వారు ఈ సంవత్సరపు బడులు తెఱచులోపల ఈ పనికి పూనుకొందురుగాక.