‘ఆకలి లేదు’ వెనక ఏముంది?

తిండి మానేయడం మొండితనం కాదు, జబ్బు. దాన్ని నయం చేయడంలో ఆసుపత్రికి ఎంత పాత్ర ఉందో ఇంటికీ అంతే ఉందంటున్నాయి పరిశోధనలు.

సంక్రాంతి సెలవులకు సింగరాయకొండ స్టేషన్‌లో రైలు దిగి ఇంటికెళ్లే పిల్లలకు గుమ్మంలోనే ఎదురయ్యే మాట మీకు తెలిసిందే. ‘ఏందమ్మా, ఇట్టా చిక్కిపోయావు? హాస్టల్లో అన్నం పెట్టట్లేదా?’ చాలామంది విషయంలో అది ప్రేమతో అనే మాటే. నాలుగు రోజులు అమ్మ చేతి పప్పు, గోంగూర, పాకల నుంచి తెచ్చిన చేపల పులుసు తింటే మొహంలో కళ తిరిగొస్తుంది.

కొందరు మాత్రం తినరు. ‘ఆకలి లేదు’, ‘కడుపు ఉబ్బరంగా ఉంది’, ‘ఇందాకే తిన్నా’, ‘ఇవాళ శనివారం, ఒక్కపొద్దు’... రోజుకో కారణం చెబుతారు. అమ్మమ్మ ఉప్పు, ఎండుమిరపకాయలతో దిష్టి తీస్తుంది. ఆర్‌ఎంపీ డాక్టరు గ్యాస్ బిళ్లలు ఇస్తాడు. నాన్న కసురుతాడు. అయినా కంచంలో అన్నం అలాగే ఉంటుంది. ఇలా తినలేకపోతున్నది మీ చెల్లెలు కావచ్చు, రూమ్మేట్ కావచ్చు, మీరే కావచ్చు. అందుకే ఈ జబ్బుల గురించి పరిశోధకులు ఏం కనిపెట్టారో తెలుసుకోండి.

మూడు రూపాలు

వీటిని ‘ఈటింగ్ డిజార్డర్లు’ అంటారు. ముఖ్యమైనవి మూడు. శరీరానికి చాలనంత తక్కువ తింటూ ప్రమాదకరంగా చిక్కిపోవడం అనొరెక్సియా. అదుపు లేకుండా తినేసి, ఆ తర్వాత వాంతి చేసుకోవడం లాంటి పనులతో దాన్ని ‘సరిచేసుకోవాలని’ చూడటం బులీమియా. లండన్ వైద్యుడు గెరాల్డ్ రస్సెల్ 1979లో దీనికి ఆ పేరు పెట్టాడు. పదేపదే అదుపు తప్పి తింటూ, సిగ్గుతో కుమిలిపోవడం బింజ్ ఈటింగ్. అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో దీన్ని ప్రత్యేక జబ్బుగా గుర్తించింది.

ఒక్క విషయం గుర్తుంచుకోండి. బులీమియా, బింజ్ ఈటింగ్ ఉన్నవాళ్లు చిక్కిపోయి కనిపించకపోవచ్చు. మనిషిని చూసి జబ్బు లేదని తేల్చేయకూడదు. మానసిక వ్యాధుల్లో ప్రాణనష్టం ఎక్కువగా ఉన్నవాటిలో అనొరెక్సియా ఒకటి. బులీమియాలో రక్తంలో పొటాషియం పడిపోయి గుండె లయ తప్పే ప్రమాదం ఉంటుంది.

మన దగ్గర ఎందుకు దొరకదు?

‘ఇవన్నీ అమెరికా జబ్బులు, మన ఊళ్లో ఎక్కడుంటాయి?’ అనుకుంటున్నారా? హాంకాంగ్‌లో సింగ్ లీ అనే మానసిక వైద్యుడు 70 మంది అనొరెక్సియా రోగుల వివరాలు పరిశీలించి 1993లో ప్రచురించాడు. వాళ్లలో 41 మందికి ‘లావైపోతానేమో’ అన్న భయమే లేదు. కడుపు ఉబ్బరం, ఆకలి లేకపోవడం... వాళ్లు చెప్పుకున్నవి ఇవే. పాశ్చాత్య పుస్తకాల్లో మాత్రం లావు భయమే ఆ జబ్బుకు ముఖ్య లక్షణం.

మన దేశంలోనూ ఇలాంటిదే కనిపించింది. ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు 1995లో అయిదుగురు యువతుల గురించి రాశారు. వాళ్లు తిండి మానేశారు, వాంతులు ఆగలేదు, బాగా చిక్కిపోయారు, నెలసరి ఆగిపోయింది. అద్దంలో చూసుకుని లావుగా ఉన్నామని బాధపడే లక్షణం మాత్రం కనిపించలేదు. చెన్నై వైద్యులు 1998లో ప్రచురించిన అధ్యయనంలో, మన యువతలో కనిపించే తేలికపాటి రూపాన్ని ‘ఈటింగ్ డిస్ట్రెస్’ అన్నారు. దాన్ని గుర్తించడానికి ఇక్కడివాళ్లకు తగ్గ ప్రశ్నావళి కూడా తయారుచేశారు.

అంటే, మన అమ్మాయి ‘నేను లావుగా ఉన్నా’ అనకపోవచ్చు. ‘గ్యాస్’ అనొచ్చు. అలాంటప్పుడు గ్యాస్ బిళ్లల దగ్గరే నెలలు గడిచిపోతాయి. కడుపు నొప్పికీ, బరువు తగ్గడానికీ థైరాయిడ్, టీబీ, పేగుల సమస్యలు కూడా కారణం కావచ్చు. కాబట్టి ముందు ఆ పరీక్షలన్నీ చేయించాలి. అన్నీ బాగానే ఉన్నా పిల్ల తినడం లేదంటే, ఇక ఆలోచించాల్సింది ఈ కోణంలోనే.

ఆకలే మనసును మార్చేస్తుంది

‘కాస్త మనసు పెడితే తినలేదా?’ అని ఇంట్లోవాళ్లు అడుగుతారు. దీనికి జవాబు రెండో ప్రపంచ యుద్ధ కాలంలోనే దొరికింది. 1944 నవంబరులో అమెరికాలోని మిన్నెసోటా యూనివర్సిటీలో ఏన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన యువకులతో ఒక ప్రయోగం మొదలుపెట్టాడు. యుద్ధంలో ఆకలితో అల్లాడుతున్న జనానికి మళ్లీ ఎలా తిండి పెట్టాలో తెలుసుకోవడం దాని ఉద్దేశం. వాళ్లంతా తమంతట తామే ముందుకొచ్చినవాళ్లు. ఆరు నెలల పాటు వాళ్ల తిండిని దాదాపు సగానికి తగ్గించారు. బరువులో నాలుగో వంతు పోయింది.

పోయింది బరువొక్కటే కాదు. సరదాగా ఉండేవాళ్లు చిరాకుపడేవాళ్లుగా మారారు. స్నేహితులకు దూరమయ్యారు. ఎప్పుడూ తిండి ధ్యాసే. వంట పుస్తకాలు పోగుచేసుకున్నారు. భోజనాన్ని చాలాసేపు సాగదీస్తూ తిన్నారు. ఎండాకాలంలోనూ చలి అన్నారు. మళ్లీ తిండి పెట్టాక కూడా మనసు కుదుటపడటానికి నెలలు పట్టింది. వాళ్లెవరికీ ముందు ఏ మానసిక జబ్బూ లేదు. అయినా ఆకలి వాళ్లను అంత మార్చేసింది.

మీ చెల్లెలు అందరికీ వండిపెట్టి తాను తినకపోయినా, ప్రతి మాటకీ కస్సుమన్నా, గదిలోంచి బయటికి రాకపోయినా అదంతా ఆమె స్వభావం అనుకోవద్దు. అందులో చాలా భాగం ఆకలి చేయిస్తున్న పని. మనసు మారాక తింటుందిలే అని ఎదురుచూస్తే కుదరదు. తిండి పడితేనే మనసు మారడం మొదలవుతుంది.

తప్పు అమ్మానాన్నలదా?

పారిస్ వైద్యుడు లాసెగ్ 1873లోనే ఈ జబ్బు గురించి రాస్తూ, ఇంట్లోవాళ్ల దగ్గర రెండే ఉపాయాలు ఉంటాయన్నాడు: బతిమాలడం, బెదిరించడం. రెండూ అయిపోయాక ఏం చేయాలో వాళ్లకు తోచదు. మన ఇళ్లలోనూ జరిగేది ఇదే కదా! అదే ఏడాది లండన్‌లో విలియం గల్ ఈ జబ్బుకు ‘అనొరెక్సియా నెర్వోసా’ అని పేరు పెట్టాడు. రోగిని చూసుకోవడానికి సొంత బంధువులు అస్సలు పనికిరారని కూడా తేల్చేశాడు. ఆ మాట దాదాపు వందేళ్లు నిలబడింది. పిల్లల్ని ఆసుపత్రిలో పెట్టి, అమ్మానాన్నల్ని దూరంగా ఉంచేవాళ్లు. తల్లి పెంపకమే కారణం అన్న నింద దానికి తోడైంది.

ఇప్పుడు ఆ నింద నిలవడం లేదు. దాదాపు 17 వేల మంది అనొరెక్సియా రోగుల జన్యువులను పరిశీలించిన అంతర్జాతీయ బృందం 2019లో ఫలితాలు ప్రచురించింది. జన్యుపటంలో ఎనిమిది చోట్ల ఈ జబ్బుతో సంబంధం కనిపించింది. వాటికి మానసిక సమస్యలతోనే కాదు, శరీరం శక్తిని వాడుకునే తీరుతోనూ లింకు ఉందని తేలింది. ఈ రంగంలోని నిపుణుల అంతర్జాతీయ అకాడమీ కూడా, కుటుంబమే ఈ జబ్బుకు అసలు కారణం అనడం సరికాదని 2010లో ప్రకటించింది.

ఇల్లే వైద్యంలో భాగం

లండన్‌లోని మాడ్స్‌లీ ఆసుపత్రి బృందం 1987లో 80 మంది రోగులతో చేసిన అధ్యయనం ఈ కథను మలుపు తిప్పింది. 19 ఏళ్లలోపు జబ్బు మొదలై, అది ఇంకా ముదరనివాళ్లలో, ఒంటరిగా కౌన్సెలింగ్ తీసుకున్నవాళ్ల కంటే కుటుంబంతో కలిసి వైద్యం తీసుకున్నవాళ్లు బాగా కోలుకున్నారు. 2010లో అమెరికాలో 121 మంది టీనేజర్లపై చేసిన మరో అధ్యయనంలో, చికిత్స ముగిసిన ఏడాదికి కుటుంబ వైద్యం పొందినవాళ్లలో 49 శాతం మంది పూర్తిగా కోలుకున్నారు. వ్యక్తిగత వైద్యం పొందినవాళ్లలో ఇది 23 శాతమే.

ఈ పద్ధతిలో మొదట భోజనం బాధ్యత అమ్మానాన్నలు తీసుకుంటారు. ఏం తినాలి, ఎంత తినాలి అన్నది వాళ్లే నిర్ణయిస్తారు. తినేదాకా పక్కనే కూర్చుంటారు, తిట్టరు. బరువు కోలుకున్నాక ఆ బాధ్యతను మెల్లగా పిల్లలకే అప్పగిస్తారు. అయితే, ఇది డాక్టరు పర్యవేక్షణలోనే జరగాలి. చాలాకాలం పస్తున్న శరీరానికి ఒక్కసారిగా ఎక్కువ తిండి పెడితే రక్తంలో ఫాస్ఫేట్ లాంటి లవణాలు పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు.

మీ ఇంట్లో ఎవరు ఏ జంతువు?

రోగిని చూసుకునే కుటుంబం ఎంత నలిగిపోతుందో లండన్ కింగ్స్ కాలేజీ ప్రొఫెసర్ జానెట్ ట్రెజర్ ఏళ్ల తరబడి పరిశోధించారు. ఇంట్లోవాళ్లు పడిపోయే అలవాట్లను ఆమె జంతువులతో పోల్చారు. బిడ్డను సంచిలో దాచుకుని, ఏదడిగితే అది చేసేవాళ్లు కంగారూలు. కోపంతో మీదికి దూసుకొచ్చేవాళ్లు ఖడ్గమృగాలు. సమస్యే లేనట్టు తల ఇసుకలో పెట్టేవాళ్లు నిప్పుకోళ్లు. ఎప్పుడూ కన్నీళ్లలో కరిగిపోయేవాళ్లు జెల్లీఫిష్‌లు. చాలా ఇళ్లలో అమ్మ కంగారూ, నాన్న ఖడ్గమృగం, అన్నయ్య నిప్పుకోడి. అందరిదీ ప్రేమే. కానీ ఒకరు గట్టిగా అరిస్తే, ఇంకొకరు మరింత మెత్తబడతారు. మధ్యలో జబ్బు బలపడుతుంది.

ఆమె చెప్పే ఆదర్శం డాల్ఫిన్. అది పక్కనే ఈదుతుంది. అవసరమైనప్పుడు ముందుకు తోస్తుంది, లేనప్పుడు తోడుగా వస్తుంది.

అబ్బాయిలూ... మీరు కూడా

బోస్టన్ దగ్గరి మెక్‌లీన్ ఆసుపత్రికి చెందిన హారిసన్ పోప్ బృందం కండలు పెంచే యువకుల్లో దీనికి తిరగేసిన రూపాన్ని చూసింది. ఎంత కండ ఉన్నా ‘సన్నగా ఉన్నా’ అనే బాధ అది. 1997లో దానికి ‘మజిల్ డిస్మార్ఫియా’ అని పేరు వచ్చింది. ఇక తెర ప్రభావం గురించి. ఫిజీ దీవుల్లోని ఒక ప్రాంతానికి 1995లో టీవీ వచ్చింది. బరువు తగ్గడానికి వాంతి చేసుకునే హైస్కూలు అమ్మాయిలు అప్పుడు అక్కడ ఒక్కరూ లేరు. మూడేళ్ల తర్వాత అది 11 శాతం దాటింది. మరి ఇప్పుడు మన చేతిలో రోజంతా ఉండేది ఫోను.

పోలీసు ఉద్యోగాలకు సిద్ధమవుతున్న అమ్మాయిలు ఇంకొకటి గమనించాలి. కానిస్టేబుల్ నియామకాల్లో మహిళలకు 40 కిలోల కనీస బరువు నిబంధన ఉంటూ వచ్చింది. పరుగు పందెంలో నెగ్గించేది పస్తులు కాదు, బలం.

మీరేం చేయొచ్చు?

* ఏకాంతంగా మాట్లాడండి. భోజనం దగ్గర, నలుగురి ముందు వద్దు.
* ‘సన్నబడ్డావు’, ‘ఒళ్లు చేశావు’, రెండూ అనకండి. ‘ఈమధ్య నువ్వు మాతో కూర్చోవట్లేదే, నాకు భయంగా ఉంది’ అనండి.
* రహస్యంగా ఉంచుతానని మాట ఇవ్వొద్దు. ‘అమ్మతో చెబుదాం, నేనూ నీతో ఉంటా’ అనండి.
* కళ్లు తిరిగి పడిపోవడం, గుండె దడ, ఆగని వాంతులు, చనిపోవాలన్న మాటలు... ఇవి కనిపిస్తే ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి.
* టెలీమానస్ నంబరు 14416. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన ఈ సేవ ఉచితం. 24 గంటలూ పనిచేస్తుంది. తెలుగులోనే మాట్లాడొచ్చు.
* సింగరాయకొండ చుట్టుపక్కల వాళ్లకు ఒంగోలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి దగ్గర. ముందు జనరల్ మెడిసిన్, తర్వాత మానసిక వైద్య విభాగం చూపించుకోండి. క్లిష్టమైన కేసులకు బెంగళూరు నిమ్హాన్స్ ఉంది.

ఈ రంగంలోకి రావాలంటే

ఈ జబ్బుకు ఒక్క డాక్టరు చాలడు. మానసిక వైద్యుడు, క్లినికల్ సైకాలజిస్టు, డైటీషియన్, సోషల్ వర్కర్ కలిసి పనిచేయాలి. ఎంబీబీఎస్ తర్వాత సైకియాట్రీలో ఎండీ ఒక దారి. డిగ్రీ తర్వాత ఆంధ్ర, శ్రీ వేంకటేశ్వర లాంటి యూనివర్సిటీల్లో సైకాలజీ పీజీ చేయొచ్చు. క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేయాలంటే మాత్రం భారత పునరావాస మండలి గుర్తించిన కోర్సు, అక్కడ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. పోషకాహారం ఇష్టమైతే హైదరాబాద్‌ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ ఉంది. ఎంఎస్‌డబ్ల్యూ చదివినవాళ్లకు కుటుంబాలతో పనిచేసే అవకాశం ఉంటుంది.

‘గ్యాస్’ అని చెప్పే అమ్మాయి మాటను తెలుగులో విని, అర్థం చేసుకోగలిగేవాళ్లు జిల్లాల్లో కావాలి. ఆ పని మీరు చదువు పూర్తయ్యాక చేయొచ్చు. కంచం ముందు తలవంచుకు కూర్చున్న మనిషి పక్కన తిట్టకుండా, బతిమాలకుండా కూర్చోవడానికి మాత్రం ఏ డిగ్రీ అక్కర్లేదు. ఇవాళ రాత్రి భోజనాల దగ్గరే మొదలుపెట్టొచ్చు.