బ్యాంకు డిపాజిట్ల బీమా - కొన్ని అపోహలు

బ్యాంకులో దాచుకొన్న సొమ్మునకు ప్రభుత్వము వారి పూచీ ఉన్నదను మాట మన ఇండ్లలో తరచుగా వినబడుచుండును. ఇందులో సత్యము కొంత, భ్రమ కొంత కలదు.

1960వ సంవత్సరములో కేరళలోని పాలై సెంట్రల్ బ్యాంకు మూతపడి డిపాజిటుదారులు చిక్కులపాలైరి. పిదప పార్లమెంటు 1961లో డిపాజిట్ల బీమా శాసనమును చేసినది. 1962 జనవరి 1వ తేదీన ఏర్పడిన కార్పొరేషను తొలుత ఇచ్చిన రక్షణ ఒక్కొక్కరికి 1,500 రూపాయలు మాత్రమే. అది 1993లో లక్షకు, 2020 ఫిబ్రవరి 4 నుండి 5 లక్షలకు చేరినది. నేడు రిజర్వు బ్యాంకు అనుబంధ సంస్థయైన డిపాజిట్ ఇన్సూరెన్స్ అండ్ క్రెడిట్ గ్యారంటీ కార్పొరేషన్ ఈ బాధ్యతను వహించుచున్నది. ప్రీమియమును బ్యాంకే చెల్లించవలెను. వడ్డీ అక్కరలేదని కరెంటు ఖాతాలో ఉంచుకొన్న సొమ్మునకును ఈ రక్షణ కలదు.

జనులలో బలముగా నాటుకొన్న అపోహ, ఈ 5 లక్షలు ఒక్కొక్క ఖాతాకు వర్తించుననుట. శాసనము లెక్కించునది ఖాతాను కాదు, మనిషిని. ఒక ఉద్యోగికి ఒకే బ్యాంకు కర్నూలు శాఖలో సేవింగ్సు ఖాతా, గుంటూరు శాఖలో ఫిక్సెడ్ డిపాజిటు ఉన్నవనుకొందము. రెండును కలిపియే లెక్క. శాఖలు మార్చినంత మాత్రమున రక్షణ పెరుగదు. బ్యాంకు మారినచో పెరుగును. అసలు 4,80,000, వడ్డీ 40,000 అయినచో మొత్తము 5,20,000 అగును. చేతికి వచ్చునది 5 లక్షలు. మిగిలిన 20,000 కొరకు లిక్విడేటరును ఆశ్రయించవలెను. ఆ బ్యాంకుకే అప్పు బాకీ ఉన్నచో దానిని మినహాయించుకొనుట కూడ కలదు.

అయితే భార్యతో కలిసి తెరచిన ఉమ్మడి ఖాతా వేరు లెక్క. మైనరు బిడ్డకు సంరక్షకుడుగా నడుపు ఖాతా, భాగస్వామ్య వ్యాపారపు ఖాతా కూడ అట్లే. విద్యాసంస్థల కమిటీలు గమనింపదగిన విషయ మొకటి: సంస్థ పేరిట ఒకే బ్యాంకులో 30 లక్షలున్నను రక్షణ 5 లక్షలకే. సభ్యుల సంఖ్యను బట్టి అది హెచ్చదు.

బ్యాంకు మూతపడిన మరునాడే సొమ్ము వచ్చునని కొందరు, ఏండ్లు గడచినను రాదని మరికొందరు తలచుచున్నారు. పూర్వము రెండవ వారి మాటలోనే నిజము హెచ్చు. లైసెన్సు రద్దయి, లిక్విడేటరు జాబితా పంపువరకు నిరీక్షింపవలసి వచ్చెడిది. 2021లో శాసనమును సవరించిరి. రిజర్వు బ్యాంకు ఆంక్షలు విధించి డిపాజిటుదారులు తమ సొమ్ము తీసుకొనుటను నిలిపివేసినచో, సాధారణముగా 90 దినములలో బీమా సొమ్ము చెల్లింపవలెను.

ఇక మిక్కిలి ప్రమాదకరమైన అపోహ, డిపాజిటు పుచ్చుకొను ప్రతి సంస్థకును బీమా ఉన్నదనుట. వాణిజ్య బ్యాంకులకు, గ్రామీణ బ్యాంకులకు, అర్బన్ సహకార బ్యాంకులకు ఇది కలదు. చిట్టీల కంపెనీలకు, ఫైనాన్సు కంపెనీలకు లేదు. 1995 నాటి ఆంధ్రప్రదేశ్ పరస్పర సహాయ సహకార సంఘాల చట్టము క్రింద నమోదైన పొదుపు సంఘములకును లేదు. పాసుపుస్తకము, కౌంటరు, గుమాస్తా ఉండుటచేత అది బ్యాంకు కానేరదు. ఎక్కువ వడ్డీ ఆశ చూపి ఇంటికి వచ్చు ఏజెంటును మొదట అడుగవలసిన ప్రశ్న వడ్డీ ఎంతయని కాదు. మీ సంస్థ కార్పొరేషనువద్ద బీమా పొందినదా, ఆ పత్రము చూపుదురా అని.