నీరు చేరని గొయ్యి

అణువిద్యుత్ కేంద్రంలో పంపు మరమ్మతు చేసినవారు విడిచిన చేతి తొడుగులు, నేల తుడిచిన గుడ్డలు, పనికిరాకుండా పోయిన గాలి ఫిల్టర్లు, పాత పైపు ముక్కలు, నీటిని శుద్ధి చేసి శక్తి ఉడిగిన రెజిన్ పూసలు. అల్పస్థాయి రేడియోధార్మిక వ్యర్థాలంటే ఎక్కువగా ఇవే. ప్రపంచంలోని రేడియోధార్మిక వ్యర్థాల ఘనపరిమాణంలో సుమారు 90 శాతం ఈ కోవదే. మొత్తం రేడియోధార్మికతలో వీటి వాటా మాత్రం 1 శాతం దగ్గరే ఉంటుంది. వీటిలో తరచు కనిపించే కోబాల్ట్-60 అర్ధాయువు 5.27 ఏళ్లు, సీసియం-137ది సుమారు 30 ఏళ్లు. పది అర్ధాయువులు గడిస్తే ఏదైనా దాదాపు వెయ్యో వంతుకు పడిపోతుంది. సీసియం లెక్కన అది 300 ఏళ్లు. కట్టడం నిలవాల్సిన కాలాన్ని చాలాచోట్ల నిర్ణయించేది ఈ అంకే.

ఆస్పత్రుల వ్యర్థాల్లో చాలావాటికి ఇంత ఏర్పాటు అక్కర్లేదు. థైరాయిడ్ చికిత్సలో వాడే అయోడిన్-131 అర్ధాయువు 8 రోజులే. రోగుల మూత్రాన్ని ట్యాంకులో కొన్ని వారాలు నిలవ ఉంచి, పరీక్షించి వదిలేస్తారు.

అణుయుగం తొలి దశాబ్దాల్లో కొన్ని దేశాలు అల్పస్థాయి వ్యర్థాల డ్రమ్ములను సముద్రంలో పడేశాయి. 1993లో లండన్ ఒప్పంద దేశాలు దాన్ని పూర్తిగా నిషేధించాయి. నేల మీద అనుసరించిన పద్ధతి ఇంకా సులువు: కందకం తవ్వడం, డ్రమ్ములు దొర్లించడం, మట్టి కప్పడం. అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో మ్యాక్సీ ఫ్లాట్స్ అనేచోట 1963 నుంచి ఇదే చేశారు. అక్కడి నేలలో నీరు సులువుగా ఇంకదు, కాబట్టి లోపలిది బయటికి పోదని ధీమా. వానకు అడ్డు పడాల్సిన పైకప్పు మట్టే దెబ్బతీసింది. అడుగున వ్యర్థాలు కుళ్లి, డ్రమ్ములు నలిగి, మట్టి కుంగి పగుళ్లిచ్చింది. పైనుంచి దిగిన వాననీటికి కిందికి దారి లేక కందకాలు తొట్టెల్లా నిండాయి. ఇంకని నేలే శత్రువైంది. 1977లో ఆ స్థలాన్ని మూసేశారు. దేశంలో ఉన్న ఆరు వాణిజ్య స్థలాల్లో 1978 చివరికి మూడు మూతపడ్డాయి.

ఆ తర్వాతి కట్టడాల్లో ప్రతి అంశమూ నీటిని దృష్టిలో పెట్టుకున్నదే. ఫ్రాన్స్‌లో 1992లో మొదలైన ఓబ్ కేంద్రానికి ఎంచుకున్న చోట పైన ఇసుక, దాని కింద బంకమట్టి పొర ఉన్నాయి. ఇసుకలో దిగిన నీరు బంకమట్టి మీదుగా ఒకే దిక్కుకు పారుతుంది కనుక దాని జాడ పట్టుకోవడం తేలిక. ద్రవ వ్యర్థాలను తీసుకోరు. వాటిని ముందే సిమెంటులో గడ్డకట్టించాలి. మెత్తని వ్యర్థాలున్న డ్రమ్ములను యంత్రంతో నొక్కి చదును చేస్తారు. రేపు కుంగే ఖాళీలు ఇవాళే తొలగిపోతాయి. కాంక్రీటు గదులు నిండుతున్నంతకాలం వాటిపై కదిలే రేకుల కప్పు ఉంటుంది. ఒక్క వాన చినుకు పడినా అది వ్యర్థాల లెక్కలోకి వచ్చేస్తుంది మరి. గదుల కింది సొరంగాల్లోని గొట్టాలు, ఎక్కడైనా నీరు దిగితే పట్టి చూపిస్తాయి. ఈ కేంద్రం సామర్థ్యం 10 లక్షల ఘనపు మీటర్లు.

స్థలం చూసేది భూగర్భ శాస్త్రజ్ఞులే అయినా, దాన్ని ఒప్పుకోవాల్సింది ఊరు. దక్షిణ కొరియా ఏళ్ల తరబడి ఎదురుదెబ్బలు తిని, 2005లో నాలుగు ప్రాంతాల్లో ప్రజాభిప్రాయ సేకరణ జరిపింది. అభివృద్ధికి భారీ నిధులూ ప్రకటించింది. 89.5 శాతం ఓట్లతో గ్యోంగ్జు ముందు నిలిచింది. అక్కడ కొండ అడుగున లక్ష డ్రమ్ములు పట్టే కాంక్రీటు గాదెలు 2015లో పనిలోకి వచ్చాయి.

భారత్‌లో అన్ని వ్యర్థాలకూ ఒకే కేంద్రం లేదు. తారాపూర్, కల్పక్కం, కైగా వంటి అణుకేంద్రాల ఆవరణలోనే వీటికి చోటు కేటాయిస్తారు. రేడియోధార్మికత బాగా తక్కువైనవి మట్టి కందకాల్లోకి, అంతకన్నా ఎక్కువున్నవి కాంక్రీటు కందకాల్లోకి, మరీ ఘాటైనవి నేలలో నిలువుగా దించిన ఉక్కు, కాంక్రీటు గొట్టాల్లోకి వెళ్తాయి. చుట్టూ తవ్విన బోరుబావుల నీటిని క్రమం తప్పకుండా పరీక్షిస్తారు. ఈ ఏర్పాట్లకు అనుమతీ, తనిఖీ అణుశక్తి నియంత్రణ మండలివి.

మూసేశాక పని ఆగదు. పైకప్పు కుంగిందా, చెట్ల వేళ్లు దిగుతున్నాయా, ఊటనీటిలో ట్రిటియం కనిపిస్తోందా అన్నది చూస్తూనే ఉండాలి. రేడియోధార్మిక హైడ్రోజన్ అయిన ట్రిటియం నీటిలోనే భాగమై కదులుతుంది కాబట్టి కట్టడంలో లోపాన్ని అన్నింటికన్నా ముందు బయటపెట్టేది అదే. ఫ్రాన్స్ మొదటి కేంద్రం మాంష్ 1969లో తెరుచుకుంది. 1994 నాటికి 5,27,000 ఘనపు మీటర్లతో నిండింది. తారు పొరతో సహా పలు పొరల కప్పు వేసి 300 ఏళ్ల పర్యవేక్షణ మొదలుపెట్టారు. యంత్రాలు, కంపెనీలు, బహుశా భాష కూడా మారిపోయే కాలమది. అందుకే ఆ నేలలో ఏ మూల ఏముందో చెప్పే పత్రాలను శతాబ్దాలు నిలిచే ప్రత్యేక కాగితంపై ముద్రించి, ఒక ప్రతిని స్థలంలో, ఇంకొకటి జాతీయ పత్రాగారంలో భద్రపరిచారు.