కార్బురేటరు మార్చిన అశ్వశక్తి పెరుగునా?

మిర్యాలగూడ ప్రాంతమున, వాడపల్లి యొద్ద, మూసీనది కృష్ణలో కలియుచున్నది. ఇంకను దిగువన మట్టపల్లి వద్ద పులిచింతల జలాశయపు నీరు నిలుచును. ఇట్టి నీటిపై పడవ నడుపుటకు దాని వెనుక అంచున బిగించు మోటారును అవుట్‌బోర్డు ఇంజను అందురు. తక్కువ అశ్వశక్తిగల పెట్రోలు ఇంజనుకు, ఎక్కువ అశ్వశక్తిగల ఇంజనుయొక్క కార్బురేటరును బిగించినచో పడవ వేగము పెరుగునా? సూర్యాపేట, కోదాడ ప్రాంతపు వరిచేలలో మందు చల్లు పెట్రోలు స్ప్రేయర్లకును ఈ ప్రశ్నయే వర్తించును.

పెట్రోలు తనంత తాను మండదు, గాలి కావలెను. 1 కిలోగ్రాము పెట్రోలు పూర్తిగా మండుటకు సుమారు 14.7 కిలోగ్రాముల గాలి అవసరము. ఘనపరిమాణములో చెప్పినచో, 1 లీటరు పెట్రోలుకు దాదాపు 9,000 లీటర్ల గాలి! కావున ఇంజను నిమిషమునకు ఎంత గాలిని పీల్చగలదో, దాని శక్తికి అదియే హద్దు. పీల్చునది సిలిండరు, కార్బురేటరు కాదు. లోనికి పోవు గాలిని బట్టి పెట్రోలును కొలిచి కలుపుటయే కార్బురేటరు పని.

ఆ కొలత ఎట్లు జరుగును? నాగార్జునసాగర్ ఎడమకాలువ వంటి కాలువలో, వంతెన స్తంభముల నడుమ దారి ఇరుకైనచోట నీరు వేగముగా పరుగెత్తును. అచ్చట నీటిమట్టము కొంచెము తగ్గును. గొట్టములో పోవు గాలియు అంతే. ఇరుకైనచోట వేగము పెరుగును, పీడనము తగ్గును. వేగమునకు, పీడనమునకు గల ఈ సంబంధమును డేనియల్ బెర్నూలీ 1738లో ప్రకటించిన తన గ్రంథమున చర్చించెను. ఇరుకు గొట్టములలో ద్రవముల నడకను ఇటలీ శాస్త్రజ్ఞుడు వెంచురి 1797లో వివరించెను. కార్బురేటరులోని ఇరుకు భాగమును కంఠమందము. అచ్చట పీడనము తగ్గుటచే, క్రింది గిన్నెలోని పెట్రోలు 'జెట్' అను సన్నని రంధ్రము గుండా పైకెగసి, తుంపరలై గాలిలో కలియును.

ఇప్పుడొక లెక్క చూతము. 20 మిల్లీమీటర్ల కంఠవ్యాసముగల కార్బురేటరును తీసి, 25 మిల్లీమీటర్లది బిగించితిమనుకొనుడు. వైశాల్యము వ్యాసముయొక్క వర్గము ననుసరించును గనుక వాని నిష్పత్తి 400 : 625. సిలిండరు మారలేదు, కావున ఇంజను అదే వేగముతో తిరుగునపుడు అది పీల్చు గాలియు దాదాపు అంతే. కాబట్టి కంఠములో గాలి వేగము 0.64 వంతునకు పడిపోవును. పీడనపు తగ్గుదల వేగముయొక్క వర్గము ననుసరించును, అది 0.41 వంతే మిగులును. ఇంజను నెమ్మదిగా తిరుగునపుడు ఈ స్వల్పమైన తగ్గుదల పెట్రోలును చాలినంతగా పైకెత్తజాలదు. త్రాటిల్ తెరవగానే ఇంజను తడబడును, ఒక్కొక్కప్పుడు ఆగిపోవును.

పెద్ద కంఠమునకు పాత చిన్న జెట్‌ను అమర్చుట ఇంతకంటె ప్రమాదకరము. అప్పుడు గాలి పాలు హెచ్చి, పెట్రోలు పాలు తగ్గును. అనేక టూ స్ట్రోకు ఇంజనులలో కందెన నూనె పెట్రోలుతోనే కలిసి వచ్చును. పెట్రోలు తగ్గినచో నూనెయు తగ్గును. ఇంజను వేడి పెరుగును. తుదకు పిస్టను సిలిండరులో బిగిసిపోవును. దీనినే మెకానిక్కులు 'సీజగుట' యందురు. స్ప్రేయరు సీజైనచో గట్టుమీద దించవచ్చును. నడికృష్ణలో పడవ ఇంజను సీజైనచో, ఆపై పడవను నడుపునది ప్రవాహమే.

అయినచో ఈ మార్పిడి ఎన్నడును పనికిరాదా? పనికివచ్చు సందర్భమొకటి కలదు. కొందరు తయారీదారులు ఒకే సిలిండరు పరిమాణముగల ఇంజనును 9.9, 15 అశ్వశక్తుల రెండు రకములుగా అమ్మిరి. చిన్నదానిలో కంఠమును ఇరుకుచేసి గాలిని అరికట్టిరి. అట్టిదానికి పెద్దదాని కార్బురేటరును, దాని జెట్లతో సహా, బిగించినచో శక్తి పెరుగును. కొన్ని నమూనాలలో రీడ్ కవాటములు, పొగగొట్టము గూడ వేరుగా నుండును. అవి మార్చనిదే పూర్తి ఫలితము రాదు.

కావున అశ్వశక్తి అంకెను చూచి తొందరపడక, మొదట సిలిండరు ఘనపరిమాణమును, పిదప కంఠవ్యాసమును, జెట్ సంఖ్యను పోల్చవలెను. బిగించిన తరువాత పడవను ఒడ్డున కట్టి, ఇంజనును నీటిలో నడిపి, చల్లారిన పిదప స్పార్కుప్లగ్గును విప్పి చూడవలెను. లేత గోధుమరంగు సరియైన మిశ్రమమునకు గుర్తు. తెలుపు పెట్రోలు కొరతకు, నల్లని మసి పెట్రోలు అధికమగుటకు గుర్తులు.

ఉపాధ్యాయులు 16, 20 మిల్లీమీటర్ల కంఠములకు పై లెక్కను విద్యార్థులచే చేయింపవచ్చును. జవాబు మారినదా? మారనిచో కారణమేమి?