సెకండ్ షిఫ్టు వాళ్ళ సీరియల్

బొగ్గు బాయిలో సెకండ్ షిఫ్టంటే మధ్యాహ్నం మూడింటికి దిగి రాత్రి పదకొండుకు పైకి రావడం. తెలుగు చానళ్ళు పేరున్న సీరియళ్ళన్నీ ఆలోపే వేసేస్తాయి. వారం మారితే షిఫ్టు మారుతుంది, ఈ వారం అందిన కథ వచ్చే వారం తెగిపోతుంది. గోదావరికి ఈవల గోదావరిఖని, ఆవల శ్రీరాంపూర్, మందమర్రి, బెల్లంపల్లి. ఈ సింగరేణి క్వార్టర్లలో డిష్‌లు బిగిస్తూ తిరిగేవాణ్ణి కాబట్టి, టీవీలో వచ్చేదాన్ని పట్టిపెట్టే రికార్డింగ్ డబ్బా ఎవరికి కావాలో నాకు ఒకరు చెప్పే పనిలేకపోయింది.

ఆ డబ్బా రాకముందు మా వైపు తెలిసిందల్లా డెక్కు, అంటే క్యాసెట్లు ఆడించే వీసీఆర్. జగిత్యాల, సిరిసిల్ల వైపు దుబాయి, మస్కట్ పోయొచ్చినవాళ్ళు తెచ్చేవాళ్ళు. పెళ్ళికో పండక్కో అద్దెకు తెచ్చుకుని తెల్లార్లూ సినిమాలు చూడ్డమే తప్ప, టీవీలో వచ్చేదాన్ని దాచుకోవాలన్న ఆలోచన ఎవరికీ లేదు. అమెరికాలో మాత్రం సోనీ బీటామ్యాక్స్ క్యాసెట్ రికార్డర్ 1975లో వచ్చిన కొన్నాళ్ళకే సినిమా కంపెనీలు కోర్టుకెక్కాయి. ఇంట్లో రికార్డు చేసుకుని తీరిగ్గా చూసుకోవడం తప్పు కాదని అక్కడి సుప్రీంకోర్టు 1984లో తేల్చింది. ఇక్కడ ఆ తగాదాకు చోటే లేదు. 1987లో రామాయణం మొదలైతే ఆదివారం పొద్దున ఊరంతా ఒకే టీవీ ముందు కూర్చునేది.

క్యాసెట్ లేకుండా హార్డ్‌డిస్కు మీద రికార్డు చేసే టివో అమెరికాలో 1999లో వచ్చింది. మన దేశంలో అట్లాంటి డబ్బా, టాటా స్కై ప్లస్, వచ్చింది 2008లో. జెమినీలో మొగలిరేకులు సీరియల్ మొదలైందీ ఆ ఏడాదే.

ఈ డబ్బా పనిచేసే తీరు పెద్ద చిక్కేం కాదు. ఉపగ్రహం నుంచి వచ్చే బొమ్మ అప్పటికే అంకెల రూపంలో, కుదించి ఉంటుంది. డబ్బా దాన్ని అట్లాగే డిస్కు మీద రాసుకుంటుంది, అంతే. మనం చూస్తున్నప్పుడు కూడా వెనకాల రాస్తూనే ఉంటుంది కాబట్టి లైవ్ మ్యాచ్‌నైనా ఆపి, వెనక్కి తిప్పి చూడొచ్చు. ఒక చానల్ చూస్తూ ఇంకోటి రికార్డు కావాలంటే లోపల రెండు ట్యూనర్లుండాలి. అంటే డిష్ నుంచి రెండు వైర్లు దింపాలి. నాకు తిట్లు పడింది ఇక్కడే. ఒక్క రంధ్రానికే ఒప్పుకోని అద్దింటి ఓనర్లు, రెండో వైరు చూడగానే మీదికొచ్చేవాళ్ళు.

గోదావరిఖనిలో ఓ వదినె మొదటి రోజే పట్టుకుంది. “తమ్మీ, మా ఆయనకు రేపటి సంది సెకండ్ షిఫ్టు. అర్ధరాత్రి బువ్వ తినుకుంట చూస్తడు. ఎట్ల పెట్టాల్నో సూపెట్టి పో.”

“సిరీస్ అని ఒక్కసారి నొక్కు వదినె, రోజూ అదే పట్టుకుంటది.”

తర్వాతెప్పుడో రిమోట్ పనిచేయట్లేదంటే పోయాను. ఇంట్లో తగువు మరో దానికి. ఆమె ఎనిమిదిన్నరకే చూసేస్తుంది. ఆయన పళ్ళెం ముందు కూర్చుని టీవీ పెట్టగానే “ఇప్పుడు సూడు, ఆమె వస్తది” అంటుంది. “నువ్వు చూసినవు గద, జర నోరు మూసుకోరాదు” అని ఆయన. వాకిట్లో కూడా అదే వరస. పొద్దున ఊడుస్తూ నిన్నటి కథ చెప్పుకోవడం అలవాటైన చోట, పక్కింటావిడ “అగో, చెప్పకుండ్రి, మేమింక చూడలే” అని చెవులు మూసుకునేది. అందరూ ఒకే రాత్రి ఒకే చోటికి రావడం అక్కడితో ఆగిపోయింది.

ప్రకటనలు దాటేయడం ఇంకో రుచి. కేబుల్ టీవీ నిబంధన ప్రకారం గంటకు పన్నెండు నిమిషాలకు మించి ప్రకటనలు వేయకూడదు. ఆ లెక్కనే చూసినా అరగంట సీరియల్లో ఆరు నిమిషాలు మిగులుతాయి. తెల్లారి డ్యూటీ ఉన్నవాడికి ఆరు నిమిషాల నిద్రంటే చిన్న సంగతి కాదు.

అయితే క్వార్టర్లు దాటి ఊళ్ళలోకి పోతే డబ్బా చేతులెత్తేసేది. రామగుండం ఎన్టీపీసీలో 2600 మెగావాట్లు పుడుతున్నా, 2012, 13ల్లో ఆ చుట్టుపక్కల ఊళ్ళలోనే కోతలు. దీపం కింద చీకటి. రికార్డు పెట్టి పొలానికి పోయిన మనిషి తిరిగొచ్చేసరికి సగం కథే ఉండేది. ఇన్వర్టర్ లేని ఇంటికి ఈ డబ్బా అమ్మడం నాకు నచ్చేది కాదు.

కోరుట్ల, మెట్‌పల్లి, నిర్మల్ వైపు బీడీలు చేసే ఆడవాళ్ళకు దీంతో పనే పడలేదు. ఒళ్ళో చాట, చాటలో తునికాకు, తంబాకు. చూపు ఆకు మీద, చెవి టీవీ మీద. సాయంత్రం తప్పిపోతే మరునాడు చానలే మళ్ళీ వేస్తుంది. పైసా ఖర్చులేని రికార్డర్ అదే.

ఇక తీరిక దండిగా ఉన్నవాళ్ళ ఇళ్ళలో చూసిందేమంటే, రికార్డు పెడితే చూసినట్టే అనుకుంటారు. డిస్కు నిండిపోయిందని ఫోన్ చేస్తారు, తీసి చూస్తే ఒక్కటీ ముట్టుకుని ఉండరు. ఓ రిటైరైన ఓవర్‌మన్ 2011 ప్రపంచకప్ ఫైనల్‌ను ఏళ్ళ తరబడి చెరపనివ్వలేదు. డబ్బా పాడై కొత్తది పెట్టిన రోజు అదీ పోయింది. డిస్కులో పడింది ఆ డబ్బాకే కట్టుబడి ఉంటుంది. పెన్‌డ్రైవ్ పెట్టుకునే డబ్బాల్లో పట్టుకున్నది కూడా అంతే, వేరే డబ్బాకు పెడితే మామూలుగా ఆడదు.

2016లో జియో వచ్చాక లెక్క మారింది. మరుసటేడు మొదలైన కార్తీకదీపం సీరియల్‌ని బాయి నుంచి వచ్చినవాళ్ళు పడుకుని ఫోన్లోనే చూసేశారు. బీడీలు చేసే అక్కల చాట అంచుకూ ఫోన్ ఆనింది. రికార్డింగ్ డబ్బా అడిగేవాళ్ళు తగ్గిపోయారు.

పూర్తిగా పోలేదు. ఉట్నూరు, తిర్యాణి అడవుల్లో ఫోన్ సిగ్నల్ అందని గూడేలకు డిష్ అందుతుంది. అక్కడ పెన్‌డ్రైవ్ పెట్టుకునే డబ్బా అయితే చాలంటాను. ఒక్క సంగతి మాత్రం గట్టిగా చెప్తాను. జోరువాన పడితే డిష్‌కు సిగ్నల్ పోతుంది, రికార్డు అక్కడికే తెగుతుంది. ఆదిలాబాద్‌లో వానాకాలం సంగతి తెలిసిందే కదా. ఆ నెలల్లో సాయంత్రం వచ్చేదానితో పాటు మరునాటి రిపీటును కూడా పెట్టుకోండి. రెంట్లో ఒకటన్నా దక్కుతుంది.